ఒక సోడా తాగినంతసేపు

తమిళంలో అడిగాను, జవాబు లేదు. మా అమ్మాయి చేత ఇంగ్లీషులో అడిగించాను, జవాబు లేదు. టికెట్ల దగ్గర అడిగాను, మెట్ల మీద అడిగాను, చివరికి ఒక పెళ్ళి బంతిలో సాంబారు వడ్డిస్తుండగా కూడా అడిగాను. నవ్వారే తప్ప ఎవరూ బదులు చెప్పలేదు. అందుకని ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. బడిలో నేను చదివింది తమిళమే. ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరాలు రావా అని ఎవరో ఎగతాళి చేస్తే, పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ ఎగతాళి చేసింది ఎవరో కూడా నాకు గుర్తుంది.

సంగతి చిన్నదే. కోయంబత్తూరు నడిబొడ్డున స్టేషనుకు దగ్గర్లో ఉన్న పాత సినిమా కొట్టాయిని బాగుచేసి మళ్ళీ తెరిచారు. మేము థియేటర్ని ఇప్పటికీ కొట్టాయి అనే అంటాం. ఆదివారం పొద్దున పూట పాత క్లాసిక్ సినిమాలు వేస్తారు, అప్పుడప్పుడు కుర్రవాళ్ళు సొంతంగా తీసుకున్న సినిమాలూ వేస్తారు. మంచి పని. కాదనను. గోడలకు కొత్త రంగు, కుర్చీలకు ఎర్రగుడ్డ, ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకునేంత చల్లగాలి, అన్నీ పెట్టారు. ఒకటి మాత్రం తీసేశారు. సినిమా మధ్యలో ఇంటర్వెల్ లేదు.

దీనికింత గొడవా అంటారు. అనండి.

మాది సింగానల్లూరు. సేద్యం వదిలి మోటారు పంపుల వర్క్‌షాపు పెట్టుకున్న ఇల్లు. మా ఆవిడది తిరుమంగళం దాటాక నల్లరేగడి పత్తిచేల మధ్య ఊరు. వాళ్ళదీ మాదీ ఒకటే తెలుగంటారు గాని, వచ్చిన కొత్తలో ఆమె నోరు తెరిస్తే మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. దాంతో ఆమె మాట్లాడటమే తగ్గించింది. ఇంటినిండా మనుషులు. పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకూడదు. పగలంతా నేను వర్క్‌షాపులో. పడుకునే గదికి గోడ అవతల మా అవ్వ దగ్గుతూ ఉండేది. మేము గుసగుస మొదలుపెడితే, వినడానికి దగ్గు ఆపేసేది.

సినిమాకు మాత్రం ఇంటిల్లిపాదీ టౌన్ బస్సెక్కి పోయేవాళ్ళం. కొట్టాయిలో బెంచీల తరగతి మధ్యన నడుమెత్తు గోడ ఉండేది. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. ఇంటర్వెల్‌లో దీపాలు వెలగగానే, ఇంటి మగవాళ్ళు ఆడవాళ్ళకు సోడాలు, మురుకులు కొని గోడ మీదుగా అందించాలి. అది మర్యాద. ఆ పని నేను నెత్తినేసుకున్నాను. మా అన్నలు నన్ను మహా మంచివాడనుకున్నారు. అందరికీ ఇచ్చి, ఆఖరున గోడ చివర నిలబడ్డ ఆమెకు ఇచ్చేవాణ్ణి. సోడా సీసా తిరిగి ఇచ్చేయాలి కదా. ఆమె తాగేదాకా నేను అక్కడే నిలబడాలి. దానికి ఎవరూ తప్పు పట్టలేరు.

ఆమె చాలా నిదానంగా తాగేది.

ఆమె నాతో నోరు విప్పి మాట్లాడిన మొదటి మాట ఆ గోడ దగ్గరే. "మీ ఇంట్లో రసంలో మిరియాలు ఏల అంత పోస్తారు? నాకు రోజూ కళ్ళల్లో నీళ్ళు వస్తుండాయి" అంది. ఆమె ఏడుస్తోందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, నేనూ అనుకున్నాను. మిరియాలేనా అని అడిగాను. "సగం మిరియాలు" అంది. మిగతా సగం ఏమిటో తరువాతి సినిమా ఇంటర్వెల్‌లో చెప్పింది. వాళ్ళమ్మను చూడాలని. ఊరికి పోయేటప్పుడు దారిలో పళనిలో దిగి కొండెక్కుదామా అని అడిగింది కూడా అక్కడే. సోడా అయిపోవస్తుంటే సీసా ఎత్తి చూసి, "గోలీ అడ్డం పడుతుంది" అనేది. ఏ గోలీ అడ్డం పడేది కాదు.

మా పెద్దొదిన ఒకరోజు కనిపెట్టేసింది. "ఏమి చెల్లీ, సోడా తాగుతుండావా, కోవెల్లో తీర్థం తాగుతుండావా? మా సీసాలన్నీ ఖాళీ అయిపోయె, నీదొక్కటే ఊరుతుందా?" అని అందరి ముందూ అంది. ఆడవాళ్ళ వైపంతా నవ్వులు. ఆమె ఆ మాట ఎప్పుడో మరిచిపోయింది. పెద్దొదినా మరిచిపోయింది. నేను మరవలేదు.

దీపాలు ఆరాక నాకు సినిమా ఎక్కేది కాదు. ఆమె చెప్పింది తలలో తిప్పుకుంటూ తెరకేసి చూసేవాణ్ణి. అప్పట్లో చూసిన సినిమాల్లో ఒక్కదానికి కూడా చివర ఏమయిందో నాకు తెలీదు. కొట్టాయి మళ్ళీ తెరుస్తారని వినగానే ఆమే అంది: "పదండి, ఇప్పుడన్నా రెండో సగం చూద్దురు."

మొదటి ఆదివారం ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. గోడ లేదు. సినిమా సగానికొచ్చింది. హీరోయిన్ హీరో మొహం మీదే తలుపు మూసింది, వాయిద్యాలన్నీ ఒక్కసారి గట్టిగా మోగాయి. నేను లేచి నిలబడ్డాను. దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒంటికే తెలుసు. చూస్తే అక్కడక్కడా నాలాంటి ముసలివాళ్ళు ఇంకొందరు లేచి నిలబడి ఉన్నారు. దీపాలు వెలగలేదు. మా తలకాయల నీడలు తెర మీద పడ్డాయి. "తాతా, కూర్చోండి!" అని వెనకనుంచి తమిళంలో అరుపులు. మిగతావాళ్ళు కూర్చున్నారు. నేను కూర్చోలేదు. బయటికి పోయాను. తినుబండారాల కొట్టు మూసి ఉంది. తిరిగి లోపలికి వస్తే, వెలుతురులోంచి రావడంతో ఏ వరసో తెలియలేదు. చీకట్లోంచి ఆమె గొంతు వినబడింది.

"ఏమండి, ఇట్ల రండి. సోడా ఏది?"

నవ్వాపుకోలేక వగరుస్తోంది. పక్కనున్నవాళ్ళు ఉష్ అన్నారు. ఆ ఉష్ కూడా నా లెక్కలో ఉంది.

ఆమెకు షుగర్ ఉంది. మోకాళ్ళు బాగాలేవు. ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయి, మధ్యలో ఒకసారి లేచి నడవాలి. మొన్న ఎండాకాలంలో అలా లేచి, వరసలో అందరి మోకాళ్ళూ దాటుకుంటూ పోతుంటే, గడ్డం పెంచుకున్న ఒకతను, "క్లాసిక్ సినిమా చూసేటప్పుడు కాస్త మర్యాద తెలియాలి, అవ్వా" అన్నాడు తమిళంలో. ఆమె బయటికి వచ్చేసింది. సినిమా అయ్యేదాకా బయట బెంచీ మీదే కూర్చుంది, నేనూ పక్కనే కూర్చున్నాను. బస్సులో అంది: "ఇంక నేను రాను. మీరు పోయి చూసుకోని వచ్చి నాకు చెప్పండి."

కొన్ని వారాలు అలాగే చేశాను. ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కుని, కథంతా చెప్పేవాణ్ణి. ఒకరోజు వింటూ వింటూ ఆపేసింది. "మీరు కథ చెప్పడం లేదు. హీరో మీద ఫిర్యాదు చెబుతుండారు" అంది. నిజమే కావచ్చు. ఆ హీరో చేసిందీ తప్పే.

అప్పుడే ఆ సినిమాలు నడిపే కమిటీ పెద్దను పట్టుకున్నాను. అతను మనవాడే. మిల్లుల కుటుంబం, వరసకు నాకు కొడుకవుతాడు.

"అంకుల్, సినిమా ఒక ప్రవాహం. మధ్యలో ఆపితే మూడ్ పోతుంది. ప్రపంచమంతా ఇట్లే వేస్తారు."

"నేను అంకుల్ని ఎప్పుడయినానురా? మీ అక్క పెళ్ళిలో చిన్నాయనా, చిన్నాయనా అని నా వెనకే తిరిగితివే."

"సరి, చిన్నాయనా. డైరెక్టర్ తీసినది తీసినట్ల చూపించాల కదా? అది ఆయనకు మర్యాద."

"ఆయన తీసినదాంట్లోనే మధ్యన ఇంటర్వెల్ అని పడేది. తెరంత అక్షరాలు. అవి ఆయన పెట్టినవి కావా? దాన్ని కత్తిరించింది ఆయనా, మీరా?"

అతను తల గోక్కున్నాడు. కమిటీలో అడిగి చెబుతానన్నాడు. అది వానలకు ముందు మాట. వానలు వచ్చాయి, పోయాయి కూడా.

ఇప్పుడు కొట్టాయి గోడకు కొత్త బొమ్మ అంటించారు. వచ్చే ఆదివారం వేసేది, మా పెళ్ళయిన నెలలో మేము చూసిన సినిమా. ఆమె గోడ చివర నిలబడి మొదటి సోడా తాగిన సినిమా. ఇంటికొచ్చి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "మధ్యలో ఆపుతారా?" అంది. కనుక్కుంటానన్నాను. మరుసటి రోజు చూస్తే, బీరువాలోని కోరా చీర ఒకటి మడత విప్పి నీడలో ఆరవేసి ఉంది. 

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగినవి తక్కువ. రసంలో మిరియాలు తగ్గించమంది, వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుపొమ్మంది, పళని కొండ ఎక్కించమంది. మూడూ చేశాను. ఇదొక్కటి నా చేతిలో లేదు, కమిటీ పెద్దవు, నీ చేతిలో ఉంది.

గోడ మళ్ళీ కట్టమనడం లేదు. గోడ పోయింది, మంచిదే. కాని దీపాలు వెలగకపోతే పక్కనున్న మనిషి మొహం ఎట్లా చూడటం? సోడాలు కూడా నేనే తెచ్చుకుంటాను. మా సింగానల్లూరులో గోలీ సోడా కట్టేవాడు ఇంకా ఒకడున్నాడు.

నాయనా, నీకు తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. మీ అవ్వకు వచ్చు. ఆమెతో చదివించుకో. ఆమె కూడా ఆ గోడకు అవతల మా వాళ్ళ పక్కన కూర్చున్న మనిషే, సోడా ఎంతసేపు తాగాలో ఆమెనే అడుగు. అడిగాక కమిటీ అనకు, ప్రవాహం అనకు, నవ్వకు. ఆదివారం సినిమా సగంలో దీపాలు వేస్తావా, వేయవా? చీర ఆరిపోయింది. మా ఆవిడ మళ్ళీ అడిగేలోపు నాకు జవాబు చెప్పు.