బెంచీ మీద బావగారు

2022 వానాకాలం. కామారెడ్డిలో ఒక గుండె డాక్టరు గారి క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. అప్పటికే పద్దెనిమిదేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొగరు కూడా ఉండేది.

స్టెంటు వేయించుకున్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు మేము సిక్స్ మినిట్ వాక్ టెస్ట్ చేస్తాం. పేరు పెద్దదే గానీ చేసేది నడిపించడమే. ముప్పై మీటర్ల వరండాలో అటూ ఇటూ ఆరు నిమిషాల పాటు వీలైనంత దూరం నడవమంటాం. ఆ దూరం, నాడి, ఆయాసం చూస్తే గుండె ఎంత శ్రమకు ఓర్చుకుంటుందో తెలుస్తుంది.

ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి సాయవ్వ వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. స్టెంటు వేసి నాలుగు నెలలైంది. భర్తకు మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేడు. అందుకని భర్త అన్న రాజయ్య వెంటబెట్టుకొచ్చి, వరండా మధ్యలో బెంచీ మీద కూర్చున్నాడు. నడక సరిగా లేకపోతే మళ్లీ హైదరాబాద్ వెళ్లి, గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపి చూసే యాంజియోగ్రామ్ చేయించాలని డాక్టరు గారు ముందే చెప్పారు.

"ఇంకోపాలి ఆ గొట్టం వద్దు సారూ. నాట్లకు పోవచ్చో లేదో జెప్పు, సాలు," అంది సాయవ్వ.

చెప్పులు గోడవార విడిచింది. కొంగు భుజాల నిండా కప్పుకొని, తల వంచుకొని, గోడను ఆనుకున్నట్టే నడిచింది. "జర జోరుగ నడువవ్వా," అని రెండుసార్లు అన్నాను. ఉహూ. ఆరు నిమిషాలకు రెండు వందల మీటర్లే; నాలుగు వందలకు దగ్గరగా రావాలి. డాక్టరు గారు చూసేదాకా కూడా నేను ఆగలేదు, రాజయ్యతో అనేశాను: "గుండె ఇంకా కోలుకోలేదు. హైదరాబాద్ పోవాల్సి వస్తది." సాయవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రిపోర్టు రాయబోతే చేయి ఆగింది. నాడి పెద్దగా పెరగలేదు. గుండె వేగం తగ్గించే మందుల వల్ల కావచ్చు అనుకున్నాను, కానీ ఆయాసమూ లేదే! ఆమెను గదిలోకి పిలిచి, కాళ్లు నొప్పా అని అడిగాను.

"కాళ్లకేమైంది సారూ? మా బావ ఆడ గూసున్నడాయె. ఆయన ముంగట చెప్పులేసుకొని, చేతులూపుకుంట ఉరుకుతరా? కాపురానికొచ్చి నలభై ఏండ్లాయె, ఒక్కనాడన్న గట్ల నడిచిన్నా?"

నాకు సిగ్గేసింది. మా పెదనాన్న ఎదురుపడితే మా అమ్మ కూడా ఇంతే. రోజూ ఇంట్లో చూసిందే నాకు వరండాలో తట్టలేదు. రాజయ్యకు సంగతి చెప్పి, చాయ్ తాగి రమ్మన్నాను.

"నా మూలంగనా? ముందే జెప్తే గేటు కాడ్నే ఉందును గద!" అని లేచాడు.

సాయవ్వను గంటసేపు కూర్చోబెట్టి మళ్లీ నడిపించాను. ఈసారి చెప్పులు తొడుక్కుంది, కొంగు నడుముకు చెక్కుకుంది. ఇంకేముంది, నాట్లకు ఆలస్యమైనట్టే నడక! నాలుగు వందల పది మీటర్లు. చివర్లో కాస్త ఆయాసం, అది రావాల్సిందే. డాక్టరు గారు చూసి హైదరాబాద్ అక్కర్లేదన్నారు, పనికి మెల్లగా అలవాటు పడమన్నారు. నా ప్రాణం కుదుటపడింది.

బయట గేటు దగ్గర రాజయ్య నిలబడి ఉన్నాడు. సాయవ్వ మళ్లీ కొంగు కప్పుకొని నాతో అంది: "హైదరాబాద్ వద్దన్నరని మా బావకు జెప్పు సారూ."

ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. కండువాతో కళ్లొత్తుకొని, "విన్న అని జెప్పు సారూ," అన్నాడు.

మర్నాడే ఆ బెంచీని వరండాలోంచి తీయించాను. ఇప్పుడు స్టాప్‌వాచ్ నొక్కే ముందు నేను అడిగే మొదటి మాట, వెంట ఎవరొచ్చారని.