చిల్లు లేని నల్ల సంచి

ఈ బరువు నాతోపాటు ముసలిదైంది గానీ తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నేను ఒక మనిషిని చంపాను. ఆ తర్వాత ఇంకొకడి చేతులు చంపాను.

అప్పట్లో మొఘల్‌పురాలో నాది దర్జీ దుకాణం. మేడ మీద గదిలో యాదగిరి అద్దెకుండేవాడు. బొమ్మలు వేసేవాడు, పాత ఇనుప ముక్కలు అతికించి విగ్రహాలు చేసేవాడు, సినిమా రీలు మీద సూదితో గీతలు గీసి వాటినే గోడ మీద ఆడించేవాడు. గల్లీ అంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అయినా వెలుతురు సోకకుండా రీలు మార్చుకోవడానికి, చేతులు దూర్చే నల్ల సంచి అతనికి కుట్టిచ్చింది నేనే.

ఊళ్ళో గొడవలు చెలరేగిన రోజు ఒక గుంపు నా కుట్టుమిషన్‌ను రోడ్డు మీద పగలగొట్టి పోయింది. నాకు ఒళ్ళు తెలియలేదు. గుడ్డ కొలిచే ఇనుప గజం పట్టుకుని బయటికి దూకాను. గుంపు అప్పటికే సందు దాటింది. కాలుతున్న టైర్ల పొగలోంచి ఒక రిక్షా అతను పరుగెత్తుకొస్తున్నాడు. ప్రాణభయంతో పారిపోతున్నాడని నాకు తెలియలేదా? తెలిసింది. తెలిసే కొట్టాను. మూడో దెబ్బకు అతను చేతులు అడ్డం పెట్టడం మానేశాడు. నేను సందులోకి పారిపోయాను.

మేడ మీంచి యాదగిరి తన సినిమా కెమెరాతో ఇదంతా తీశాడు. దిగొచ్చి, ఆ మనిషిని తోపుడు బండి మీద దవాఖానాకు తీసుకుపోయాడు. చొక్కా నిండా నెత్తురుతో తిరిగొచ్చాడు.

"మనిషి పోయిండన్నా. పొగల కొట్టినోని మొహం నా కండ్లకు ఆనలే. రీలు కడిగి బొమ్మ తేల్చి, గోడ మీద పెద్దగ ఆడిస్తే దొరుకుతడు."

మర్నాడు అతను ఆ మాట చెప్పడానికి ఠాణాకు పోగానే, అతని గదిలోకి పోయి, కడగని ఆ రీలు ఉన్న డబ్బా తెరిచి దాన్ని ఎండలో విప్పాను. మళ్ళీ చుట్టి పెట్టాను. యాదగిరి దాన్ని మద్రాసులో కడిగిస్తే, బొమ్మన్నది లేకుండా మొత్తం నల్లగా వచ్చింది.

యాదగిరి ఆ నల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని నా దుకాణంలో కూర్చున్నాడు.

"నీ కుట్ల తప్పు లేదన్నా, ఫికర్ చెయ్యకు. గా దినం సంచిల రీలు దీసేటప్పుడు నా చేతులే వణికినయ్, వెలుతురు సోకింది. ఉన్న ఒక్క సాక్ష్యం నేనే ఖరాబ్ జేసిన."

"గట్లనకు," అన్నాను. అంతే అన్నాను.

అతను కెమెరాను నా గడప మీదే సుత్తితో చితక్కొట్టాడు. అద్దం పెంకు ఎగిరి చెంప చీరుకుపోయినా ఆగలేదు. తర్వాత కుంచె పట్టినా తన చేతుల వంకే అనుమానంగా చూసుకునేవాడు. చివరికి అదీ మానేశాడు. ఆ అనుమానంతోనే కన్నుమూశాడు.

సంచి ఇప్పుడు నా దగ్గరుంది. ఎన్నోసార్లు తల దూర్చి ఎండకు నిలబడ్డాను. సూదిమొనంత వెలుతురైనా రాదు.

యాదగిరీ, నీ చేతులు వణకలేదు. కొట్టింది నేను. ఎండలో విప్పింది నేను.