పద్మాబాయి తంగేడుపూల కషాయం

ఆదోనిలో పద్మాబాయి ఇంటి గడప కాఫీ, టీ ఎన్నడూ దాటలేదు. మడికి పనికిరావని అత్తగారు రుక్మిణమ్మ పెట్టిన కట్టడి అది. వాటికి బదులు పొద్దున్నే తంగేడుపూల కషాయం కాచేవాళ్ళు. రుక్మిణమ్మకు దాన్ని నేర్పింది కౌతాళం పొలాల్లో కూలి చేసే మద్దమ్మ. టీ పొడి కొనలేని కూలీలు బీళ్ళలో దొరికే ఈ పూలనే మరిగించుకునేవాళ్ళు. రుక్మిణమ్మ వాటికి ధనియాలు, శొంఠి చేర్చింది.

చెయ్యడం కష్టం కాదు. పూలు నీడన ఆరాలి. పిడికెడు నలిపి, వేయించి దంచిన ధనియాలతో, చిటికెడు శొంఠితో మరిగే నీళ్ళలో వేసి మూత పెట్టాలి. నీళ్ళు కాస్త ఇంకాక వడకట్టాలి. బెల్లం ఇష్టమున్నవాళ్ళకు. పద్మాబాయి భర్త సేతుమాధవరావుకు బెల్లం వేసేది కాదు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు, చక్కెర జబ్బు మనిషి. ఈ కషాయంతో చక్కెర తగ్గుతుందని వీధిలో చెప్పుకునేవాళ్ళు. పద్మాబాయి మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

"నోరు ఎండదు, రాత్రి నిద్ర పడుతుంది. అంతకు మించి నాకు తెలీదు తల్లీ. చక్కెర సంగతి డాక్టరునడుగు" అనేది.

ఆ ఇంటి మిద్దె మీద ఎప్పుడూ రెండు గుడ్డలు పరిచి ఉండేవి. గోడ నీడన తంగేడుపూలు, ఎండలో నిర్మాల్యం. దేవుడికి పెట్టి తీసిన పూలు కాలి కింద పడకూడదు. అందుకని వాటిని ఎండబెట్టి దాచి, ఇంట్లోవాళ్ళు తుంగభద్రకు పోయేటప్పుడు నీళ్ళలో వదలమని మూటగట్టి ఇచ్చేవాళ్ళు. సోమవారం శివుడికి పెట్టేది పచ్చగన్నేరు. అదీ తంగేడులాగే పసుపు పువ్వు. దాని చెట్టంతా విషమని ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది కార్తీకంలో ద్వాదశి నాడు సేతుమాధవరావు తెల్లవారకముందే మాధవరం బయల్దేరాడు. ఏటా ఆ రోజు నదిలో స్నానం చేసి, తమ్ముడు వెంకోబారావు ఇంట్లో ఉపవాసం విడిచి పారణ చేసేవాడు. ఏకాదశి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ ద్వాదశికి హరివాసరం తొమ్మిదింటిదాకా ఉంది, అది దాటేదాకా నోట ఏమీ వెయ్యకూడదు. దాటగానే మొదట తాగడానికి పద్మాబాయి దీపం వెలుగులో కషాయం కాచి, మూతచెంబులో పోసి ఇచ్చింది.

ఆయన పోయాక, వెలుతురు వచ్చాక, పూల డబ్బా మూత పెట్టబోయి ఆగింది. తంగేడు ఎండితే రెక్కలు విడిపోతాయి. డబ్బాలో పైనున్న రెండు పూలు మాత్రం గొట్టాల్లా పొడుగ్గా ముడుచుకుని ఉన్నాయి.

"సరసూ, నిన్న మిద్దె మీద పూలు ఎవరు ఎత్తినారు?"

కోడలు సరస్వతీబాయి కాపురానికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. పుట్టిల్లు రాయచూరు. వాళ్ళింట్లో పూజకు తులసే, పచ్చగన్నేరు వాడరు.

"నేనే అత్తమ్మా. చినుకులు పడతాండె, మీరేమో మడిలో ఉంటిరి. రెండు గుడ్డలూ కలిపి ఎత్తి డబ్బాలో పోసినాను. అన్నీ పచ్చపూలే కదా."

"ఎండలో ఉండేవి దేవుడి పూలమ్మా."

"దేవుడివైతే ఇంకా మంచిదే కదా?"

పద్మాబాయి పొయ్యి దగ్గరికి పోయింది. గిన్నెలో మిగిలిన పిప్పిని పళ్ళెంలో పరిచి వేళ్ళతో విడదీసింది. ఉడికి నలిగిన రెక్కలు అన్నీ ఒకటే రంగు. ఏది ఏదో తెలియలేదు. పిడికిట్లోకి గన్నేరు వచ్చిందో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు. తెలిసింది ఒక్కటే, ఆయన దాన్ని ఏ గడియలో తాగుతాడో. పంచాంగంలో రాసి ఉన్న గడియ. ఆయన తప్పే మనిషి కాదు.

కొడుకు పనిమీద గుంతకల్లు పోయి ఉన్నాడు. ఆమె మంత్రాలయం పోయే బస్సెక్కింది, ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. పొద్దు పైకి వచ్చేకొద్దీ కిటికీలోంచి నీడలు పొట్టివి కావడం చూస్తూ కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె కూడా నీళ్ళు ముట్టలేదు. ఎమ్మిగనూరులో డ్రైవరు దిగి టీ బంకు దగ్గర నిలబడ్డాడు.

"నాయనా, బండి తీయమను" అంది కండక్టరు యేసేపుతో.

"టీ పడకుంటే ఆయప్ప కాలు కదలదమ్మా."

వెనక సీట్లో రంగన్న అనే రైతు నవ్వాడు. "ఏం తొందరమ్మా, మంత్రాలయం రాయరు స్వామి బృందావనంలోనే ఉంటాడు, యాడికీ పోడులే."

ఆమె అతని వైపు తిరిగింది. "నా మొగుడి ప్రాణం మీదికి వచ్చిందప్పా. ఆయన తాగేదాంట్లో విషం పడిందేమో."

రంగన్న నవ్వు ఆగిపోయింది. యేసేపు దిగి పోయి డ్రైవరు చేతిలో గ్లాసు లాక్కున్నాడు.

మాధవరంలో దిగి నది వైపు పరుగెత్తింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. మెట్టలాంటి గట్టు మీద నిలబడేసరికి కింద ఇసుకలో భర్త కనబడ్డాడు. స్నానం అయింది, తడిబట్ట భుజం మీద ఉంది. సూర్యుడి వైపు చూసి దండం పెట్టి చెంబు మూత తీస్తున్నాడు.

"ఇదో, వినండి" అని అరిచింది. "తాగొద్దండి" అంది. ఆ ఒడ్డున ఎందరో మగవాళ్ళు, ఎందరి భార్యలో పిలుస్తున్నారు. ఆయన తల తిప్పలేదు.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, అత్తా చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. ఇంటాయన పేరు అడిగినవాళ్ళకు కూడా కొడుకు చేత చెప్పించేది.

చెంబు పైకి లేచింది.

"సేతుమాధవరావ్" అని గట్టు అదిరేలా అరిచింది.

ఆయనే కాదు, రేవంతా తిరిగింది. ఆమె జారుతూ దిగి వచ్చి చెంబు లాక్కుని ఇసుకలో బోర్లించింది.

"పేరు పెట్టి పిలిచేంత ఏమొచ్చె నీకు?" అన్నాడాయన. కోపంగా కాదు, బెదిరిపోయి.

"తాగినారా?"

"ఒక్క గుక్క."

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో డాక్టరు వాంతి చేయించాడు. మణికట్టు పట్టుకుని చాలాసేపు గడియారం చూశాడు. "ఇప్పుడే ఏమీ చెప్పలేను, రేపటిదాకా ఉంచండి" అన్నాడు. మంచం పక్కన పద్మాబాయి, ఆ గుక్క చంపుతుందా, తాను పలికిన పేరు చంపుతుందా అని రెండు భయాల మధ్య కూర్చుంది.

మధ్యాహ్నం సేతుమాధవరావు కళ్ళు తెరిచి, "నా పేరు నీకు వచ్చునని నాకు తెలీనే తెలీదే" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఆయనకు ఏమీ కాలేదు. ఆ గుక్కలో విషం ఉందో లేదో ఎప్పటికీ తేలలేదు. తేలకపోవడమే ఆమెకు మిగిలిపోయింది.

నిర్మాల్యం గుడ్డ ఆ తర్వాత మిద్దె ఎక్కలేదు. కషాయం కాచడం మానలేదు. కానీ మొగుడు తాగాక పెళ్ళాం తాగాలన్న కట్టడి ఆ ఇంట్లో పోయింది. రోజూ కాచాక పద్మాబాయి ముందు తన గ్లాసు తాగి, మిగిలినదాని మీద మూత పెట్టి, పూజ సామాను తోమేది. అంతా తోమడం అయ్యాకే మూత తీసి ఆయనకు పోసేది. అప్పటికి అది చల్లారిపోయి ఉండేది.

"ముసలితనంలో ఆశ ఎక్కువైందప్పా, మొగుని కంటే ముందే తాగుతుంది" అని పక్కింటి భీమమ్మ వీధిలో ఎగతాళి చేసేది.

సేతుమాధవరావు ఎనభై ఏడులో పదవీ విరమణ చేశాడు. చల్లారిన కషాయం గురించి ఆయన ఒక్కనాడూ అడగలేదు.