ఆవలించిన గిటారు

ఎమ్మిగనూరులో ఒక పెళ్లి పందిరి కింద కూర్చున్న జనాన్ని, రెండు వైపుల చుట్టాలతో సహా, పట్టపగలు ఆవలింతలతో పడగొట్టినవాణ్ణి నేను. ఉపన్యాసం ఇచ్చి కాదు. ఉపన్యాసంతో ఆ పని చేసేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, అందులో వింతేమీ లేదు. నేను గిటారు వాయించి చేశాను. అది కూడా, జనం ఉలిక్కిపడి లేచి కూర్చోవాలని సైకిలు అమ్మి, బొంబాయి దాకా పోయి, ఒక పెట్టె కొని తెచ్చి మరీ చేశాను.

ఇది ఎనభైల మొదట్లో మాట. నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాని. పగలంతా పత్తి బేళ్ల లెక్క రాసేవాణ్ణి. సాయంత్రం జుట్టులో ఇరుక్కున్న దూది దులుపుకుని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, ఈరన్న ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాణ్ణి. గుంతకల్లులో రైల్వే గార్డు ఒకాయన బదిలీ మీద పోతూ నాకు అమ్మిన గిటారు అది. ఈరన్న మగ్గం నేసే మనిషి. మంచి గొంతు. పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడేవాడు. చుట్టూ ఉన్న ఊళ్లలో ఆయన ఆర్కెస్ట్రా అంటే మర్యాద ఉండేది.

ఆ మర్యాదకు బళ్లారి నుంచి ముప్పు వచ్చింది. అక్కడి ఆర్కెస్ట్రా ఒకటి ఎమ్మిగనూరులో వాయించి పోయింది. వాళ్ల గిటారు కుర్రవాడు తీగ మీటితే గిటారు మనిషి గొంతుతో 'వావ్' అన్నదట. టీ అంగళ్లలో జనం గ్లాసు పక్కన పెట్టి మరీ ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించుకుంటున్నారు. ఈరన్న నన్ను మగ్గం దగ్గరికి పిలిపించాడు.

"శీనా, నీ గిటారు పలుకుతాది, కాదనను. ఆ బళ్లారి పిలగానిది మాట్లాడతాది. వచ్చే పెండ్లికి నీది గూడా మాట్లాడల్ల. లేకుంటే వాణ్ణే పిలిపిస్తా. నువ్వేమీ అనుకోగాకు."

ఏమీ అనుకోవద్దని ఎవరైనా అంటే, మనం చాలా అనుకోవాల్సిన మాట ఏదో అన్నారని అర్థం. ఆర్కెస్ట్రా జంపఖానా మీద నా చోటు పోతే నాకు మిగిలేది బేళ్ల లెక్క ఒక్కటే. నాకు భయం వేసింది.

విచారిస్తే తెలిసింది ఏమంటే, ఆ శబ్దం చేసే పెట్టెలు రెండు రకాలు. ఒకటి కాలితో తొక్కుతూ ఆడించేది. దాని ధర వింటేనే నా కాలు చల్లబడింది. పైగా ఈరన్న ఆర్కెస్ట్రాలో పెద్దల ముందు ఎవరూ నిలబడకూడదు, అందరం బాసింపట్టు వేసుకుని కూర్చునే వాయించాలి. మడిచి పెట్టిన కాలితో దేన్ని తొక్కుతాం? రెండో రకం ఎన్వలప్ ఫిల్టర్. దానికి కాలితో పనిలేదు. తీగను ఎంత గట్టిగా మీటితే అంత నోరు తెరుస్తుంది, మెల్లగా మీటితే పెదవి విప్పదు. పేరు చెప్పగానే ఆదోనిలో ప్రతివాడూ నన్ను పోస్టాఫీసుకు పొమ్మన్నాడు. అవి బొంబాయిలో దొరుకుతాయని తెలిసి నేను స్టేషనుకు పోదామనుకున్నాను.

మా అమ్మ తమ్ముడు నరసప్ప మామ పత్తి దలారి. పిడికెడు పత్తి చేతిలోకి తీసుకుని అది ఏ ఊరి చేనిదో చెప్పేవాడు. కాదని చెప్పడానికి పత్తికి నోరు లేదు కాబట్టి ఆయన మాట ఎప్పుడూ తప్పు కాలేదు. బొంబాయిలో ఆయనకేదో బేరం పని ఉంది. నా సంగతి విని తానూ దుకాణానికి వస్తానన్నాడు.

"నువ్వొక్కనివే పోతే వస్తువు నీకు అమ్మరు, నిన్నే అమ్ముకుంటారు. కొనడం నాకిడ్సిపెట్టు."

విడిచిపెట్టాను. దయచేసి ఇక్కడే నన్ను తిట్టుకోకండి, ఇంకా ముందు చాలా ఉంది.

దుకాణంలో గాజు బీరువా నిండా పెట్టెలు. అమెరికా పెట్టె ధర అడిగితే దుకాణం ముసలాయన నా చొక్కా చూసి, అది వేరేవాళ్ల కోసమని హిందీలో మర్యాదగా చెప్పాడు. నా స్థోమతకు దగ్గరగా ఉన్నది ఒక్కటే. వచ్చినవాళ్లకు వాయించి చూపే పెట్టె, మూలన సొట్టపోయి గల్లా పక్కన పడి ఉంది. ఆయన దానికి గిటారు తగిలించి నా చేతికిచ్చాడు. ఒక్క తీగ మీటాను. 'వావ్' అన్నది. ఇంకో తీగ మీటాను. పక్కింటివాళ్లు పలకరించినట్టు మళ్లీ 'వావ్' అన్నది. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఆ క్షణంలో డబ్బిచ్చి పెట్టె చంకన పెట్టుకుని బయటికి వచ్చి ఉంటే మీకు ఈ సంగతి చెప్పే పని ఉండేది కాదు. మామ నా చొక్కా పట్టి పక్కకు లాగాడు.

"పిచ్చోడా, చూపే సరుకు యాడన్నా కొంటారా? బోరెం సంచి మూతి కాడ మంచి పత్తి పెడతారు, లోపల నీళ్లు చల్లినది కుక్కుతారు. మనకు లోపలి సరుకు కావల్ల."

లోపలిది చెడ్డదైతే లోపలిదే ఎందుకు కొనాలి అనే ప్రశ్న నాకూ తట్టింది. కాకపోతే తిరుగు రైలు కల్యాణ్ దాటాక తట్టింది.

ముసలాయన మంచివాడు. ఇదే తీసుకోండి, మేం సరిచేసి పెట్టుకున్నది, సొట్ట ఉంది కాబట్టి ధర కూడా తగ్గిస్తానన్నాడు. దాంతో మామ అనుమానం రెట్టింపయింది.

"చూసినావా? అడగకుండానే తగ్గిస్తానంటాండాడు. దాంట్లో యాదో రోగముండాది."

ముసలాయన ఓపిగ్గా లోపలి నుంచి సీలు విప్పని డబ్బా తెచ్చాడు. మామ భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్లు నొక్కడం మొదలుపెట్టాడు. పక్కవాడికి ధర తెలియకుండా మామ బేరం చేసే పద్ధతి అది. అది తెలియని ముసలాయన నాడి చూస్తున్నాడనుకున్నాడేమో, చెయ్యి లాక్కుని, నా ఒంట్లో బాగానే ఉంది అన్నాడు.

ధర నోటితోనే కుదిరింది. మామ డబ్బా విప్పించి పెట్టెను అరచేతిలో ఎత్తి బరువు చూశాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు.

"తేమ లేదు. తీసుకో."

అబద్ధమెందుకు, తేమ లేని పెట్టె దొరికిందని నేనూ సంతోషించాను. అయినా ఒకసారి వాయించి చూద్దామన్నాను. మామ నన్ను జాలిగా చూశాడు.

"వాయించి చూస్తే అదీ చూపే సరుకే అయిపోతాది గదరా."

దీనికి జవాబు మీకు తెలిస్తే నాకు రాయండి. నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

తెల్లవారుతూనే రావాల్సిన రైలు ఆదోనికి ఎండెక్కాక వచ్చింది. పెళ్లి ఆ రోజే. స్టేషను నుంచి బస్టాండుకు, అక్కణ్ణుంచి ఎమ్మిగనూరుకు, మామా నేనూ పరుగు. మేం పందిట్లోకి అడుగుపెట్టేసరికి తీపి ఓళిగల భోజనాలు ముగిసి విస్తర్లు ఎత్తుతున్నారు. ఈరన్న ముఖం పాలిపోయి ఉంది. మగపెళ్లివారు కౌతాళం నుంచి వచ్చారట, వాళ్ల పెద్దాయనను పొరపాటున రెండో పంక్తిలో కూర్చోబెట్టారట. ఆడపెళ్లివారి తరఫున పెళ్లికూతురి తండ్రి, నూలు వ్యాపారి, చేతులు పట్టుకున్నా ఆయన వినడం లేదట.

"గొడవయ్యేట్టుంది. మాట్లాడతాదా నీ పెట్టె?" అన్నాడు ఈరన్న.

నేను నోరు తెరిచే లోపల మామ చెప్పాడు. "నాది హామీ. ఊరంతా లేచి నిలబడతాది సూడు."

"అట్లయితే గట్టిగా వాయించు శీనా. ఆ మాటలు ఎవరికీ వినపడగూడదు."

ఈరన్న దగ్గర వదిలిపోయిన నా గిటారుకు పెట్టె వైరు తగిలించాను. శక్తి కొద్దీ మీటాను. పందిరి నాలుగు మూలలా కట్టిన లౌడుస్పీకర్లలోంచి 'వావ్' రాలేదు. శబ్దం పైన మొదలై కిందికి జారింది. 'ఆ... ఓ... వ్' అన్నది. మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద వాలిన మనిషి ఎట్లా ఆవలిస్తాడో, అచ్చం అట్లా.

పొరపాటేమో అని ఇంకా గట్టిగా మీటాను. ఆ పెట్టె గుణం మీకు ముందే చెప్పాను కదా, ఎంత గట్టిగా మీటితే అంత నోరు తెరుస్తుంది. ఈసారి దవడ విరిగేంత ఆవలింత వచ్చింది.

పక్కన డోలకు వాయించే ఖాజా నా వైపు వంగి, "శీనన్నా, నీ గిటారుకు నిద్రొస్తాందా ఏమి?" అన్నాడు. ఆ మాట పూర్తవుతూనే వాడు ఆవలించాడు. ఆవలింత అంటే మీకు తెలుసు, ఒక మనిషి దగ్గర ఆగేది కాదు. ముందు వరసలో పిల్లలు అందుకున్నారు. పిల్లల నుంచి తల్లులకు, తల్లుల నుంచి కండువాలు వేసుకున్న పెద్దలకు. పెళ్లికూతురు కొంగు అడ్డం పెట్టుకుంది. పెళ్లికొడుకు అడ్డం పెట్టుకోలేదు. ఈరన్న చరణం ఎత్తుకుని, నడుమ నోరు తెరిచి, అట్లాగే ఉండిపోయాడు. పాట ఆగింది, నోరు మాత్రం మూతపడలేదు.

అప్పుడే కౌతాళం పెద్దాయన లేచి వచ్చి మైకు అందుకున్నాడు. "మాకు ఈడ జరిగిన మర్యాద..." అని మొదలుపెట్టి ఆవలించాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ, "ఈడ జరిగిన..." అని మళ్లీ ఆవలించాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ పెళ్లికూతురి తండ్రి, పాపం, జవాబుగా తానూ ఆవలించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన మైకు ఖాజా చేతికిచ్చి, దగ్గరున్న బాలీసు మీదికి ఒరిగాడు. నేను మాత్రం ఆపలేదు. గట్టిగా వాయించమని ఈరన్న చెప్పాడు మరి.

కాసేపటికి పందిట్లో వాయించేవాడు తప్ప వినేవాడు లేడు. మామ కూడా, ఊరంతా లేచి నిలబడుతుందని హామీ ఇచ్చిన మనిషి, స్తంభానికి ఆనుకుని గురక పెడుతున్నాడు.

సాయంత్రం అందరూ లేచారు, టీ వచ్చింది. పెద్దాయనకు గొడవ ఎక్కడ ఆపాడో గుర్తు రాలేదు. ఈరన్నకు మాత్రం అంతా గుర్తుంది. గిటారు సంచిలో పెట్టుకొమ్మన్నాడు. తన పాటకు జనం నిద్రపోవడం ఇదే మొదలనీ, ఇక బళ్లారి కుర్రవాడు వస్తాడనీ మెల్లగా చెప్పాడు. అరిచి ఉంటే కొంత సులువుగా ఉండేది.

ఇంటికి పోయి, పెట్టెను మళ్లీ డబ్బాలో పెట్టబోతూ వెనక్కి తిప్పాను. వైరు గుచ్చే రంధ్రం పక్కన గోరంత మీట ఉంది. నేను స్క్రూ అనుకున్నాను. దాని పైన ఒక బాణం, కింద ఒక బాణం. మీట కింది బాణం దగ్గర ఉంది. చూపే పెట్టెలో దుకాణం ముసలాయన సరిచేసి పెట్టుకున్నామన్నది దీన్నే.

గిటారూ పెట్టే తీసుకుని తొలి బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. దారంతా బతిమాలే మాటలు బట్టీ పట్టాను. ఈరన్న నన్ను చూసి, నేను ఇంకా మొదలుపెట్టకముందే, ఇంట్లోకి కేకేసి ఉగ్గాని పెట్టమన్నాడు. పెళ్లికూతురి తండ్రి రాత్రే వచ్చి పోయాడట. గొడవ లేకుండా పెళ్లి గడిచిందని పదిమందికి చెప్పాడట. మరో రెండిళ్లవాళ్లు వచ్చి అడిగారట.

"నన్ను గాదప్పా అడిగింది," అన్నాడు ఈరన్న గోడ వైపు చూస్తూ. "మధ్యాన్నం నిద్రపుచ్చే గిటారాయన వస్తాడా అని అడిగినారు. వాళ్ల వియ్యంకులు గూడా కోపిష్టోళ్లంట."

నేను ఆత్రంగా మీట సంగతి చెప్పి, పైకి తోసి, వాయించి చూపించాను. 'వావ్' అన్నది. మగ్గం మీద ఉన్న ఆయన భార్య చెయ్యి ఆపి విన్నది. ఈరన్న కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుంది శీనా. బళ్లారి పిలగాని కంటే బాగుంది," అన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, "ఇంగ ఆ మీటను కిందికి తొయ్యి," అన్నాడు.

"మరి వావ్?"

"దానికి వాడొస్తాడులే, సాయంత్రం. నీది భోజనాలయినాంక."

అట్లా జంపఖానా మీద నా చోటు నిలిచింది. బొంబాయి దాకా పోయి తెచ్చిన 'వావ్' ఒక్క పెళ్లిలోనూ వినిపించకుండా, ఆర్కెస్ట్రా ఉన్నన్నాళ్లూ ఆవలిస్తూనే గడిపాను. మామ మార్కెట్టు యార్డులో అందరికీ ఇది తన ఎంపికేనని, చూపే సరుకు కొని ఉంటే మా వానికి ఈ పేరు వచ్చేదా అని చెప్పుకున్నాడు.

నేను మాత్రం ఆయన ఎదుటే, గిటారు మీద కుడిచెయ్యి పెట్టి, ఇక ఈ జన్మలో వాద్యానికి సంబంధించిన ఏ వస్తువూ, ఆఖరికి తీగ ముక్క కూడా, పత్తి దలారిని వెంటబెట్టుకుని కొననని ప్రతిజ్ఞ చేశాను. మామ ఏమీ నొచ్చుకోలేదు. "సరేలేరా, ఈసారి నేనొక్కన్నే పోయి తెస్తా," అన్నాడు.

మామ చనిపోయాక ఈ ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడం చాలా సులువైపోయింది. ఇంత సులువుగా ఉంటుందని తెలిస్తే చేసేవాణ్ణి కాదు.