పాప కనబడాలి, నాన్న సంగతి రాయలేదు

ఆదోని కోర్టులో విడాకుల కేసు నడుస్తున్న ఒక జంట, ఆరేళ్ళ కూతురు తమ దగ్గరే ఉండాలని చెరోవైపు పోరాడుతున్నారు. పేర్లు చెప్పను. తండ్రి ప్రతి శనివారం ఎమ్మిగనూరు నుంచి వచ్చి కోర్టులోనే ఒక గదిలో గంటసేపు పాపతో గడపవచ్చు. అంతసేపూ నేను అక్కడే కూర్చోవాలి, పాప నా చూపు దాటకూడదు, తర్వాత రిపోర్టు రాసివ్వాలి. ఇదీ జడ్జిగారి ఉత్తర్వు. రిటైరైన టీచరునని నన్ను పెట్టారు.

ఈ రోజు పాప దాగుడుమూతలు ఆడదామంది. తను దాక్కుంటే ఉత్తర్వు తప్పినట్టే. అందుకని ప్రతిసారీ నాన్నే దాక్కోవాలని నేను తీర్పు చెప్పాను. ఆరడుగుల మనిషి పోయి ఫైళ్ళ బీరువా వెనక ఇరుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే, పది నిమిషాలు ముందుగా, తల్లి వచ్చింది. పాప కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెడుతోంది. తండ్రి జాడ లేదు.

"యాడికి పోయినాడు మేడం ఆ మనిషి? గంటసేపు గూడా పిల్లతో ఉండల్యాడా?" అని నా మీదకు వచ్చింది.

నేను నోరు తెరవబోతే పాప అరిచింది. "సెప్పద్దు టీచర్! ఆట సెడిపోతాది!"

తల్లికి అర్థమైంది. ఏడాదిగా అతనితో మాట కూడా లేని మనిషి గుమ్మంలోనే నిలబడి గదంతా చూసి, కూతురితో మెల్లగా అంది.

"ఆ బీరువా ఎనక సూడు పో. మీ నాయనకు దాక్కునేది యాడొస్తాది? కాళ్ళు బయటే పెట్టినాడు."

బీరువా వెనక నుంచి గొంతు వినిపించింది. "మేడం, ఇది మోసం! రాసుకోండి!"

ఆమె నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయింది.

ఇప్పుడు నా ముందు రిపోర్టు కాగితం ఉంది. అందులో 'తండ్రి ప్రవర్తన' అని ఒక గడి. 'సరిగా దాక్కోలేదు' అని రాయనా? మీరైతే ఏం రాస్తారు?