నాయనమ్మ రోకలి నెమ్మదించే చోటు

తమ వడ్రంగి డ్రమ్స్ వాయిస్తాడని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ డ్రమ్మరు తలుపులు చేస్తాడని పాటలు వినేవాళ్లలో చాలామందికి తెలియదు. ఆయన మాత్రం పగలు మేకులనూ సాయంత్రం డ్రమ్ములనూ ఒకే శ్రద్ధతో కొడుతూ వచ్చాడు.

బ్యాండు మొదలైంది పందొమ్మిదేళ్ల కిందట, ఆయన చెక్కల షెడ్డులోనే. గిటారు పట్టి పాడేది బామ్మర్ది. బేస్ గిటారు వాయించేది స్కూలు వ్యాను డ్రైవరు. అందరూ అతన్ని డీజిల్ అంటారు. దంచుతూ, విసురుతూ ముసలమ్మలు పాడుకున్న పాటలకు కరెంటు గిటారు తగిలించడం వీళ్ల పద్ధతి. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. మూడు ఆల్బమ్‌లూ రంపపు పొట్టు మధ్యే రికార్డు చేసుకుని, వ్యాన్లో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. రెండోదాంట్లో పక్కింటి కుక్క కూడా గొంతు కలిపింది. ఎవరూ గొప్పవాళ్లు కాలేదు, ఎవరూ మానుకోనూ లేదు.

నాలుగోదాన్ని మాత్రం అసలైన స్టూడియోలో చేద్దామనుకున్నారు. అక్కడి ఇంజినీరు పాటలన్నీ ముందుగా విని, వడ్రంగి వాళ్ల నాయనమ్మ పాట దగ్గర ఆగి, ఆయన్ని పక్కకి పిలిచాడు.

"రెండో చరణంలో తాళం జారుతోందండీ. చెవిలో టిక్కుటిక్కుమని కొలత పెడతాం, దాంతోపాటు వాయించండి. కుదరకపోతే డ్రమ్స్ మెషీన్‌తో వేసేద్దాం. ఎవరికీ తెలీదు."

ఆ 'ఎవరికీ తెలీదు' వడ్రంగికి గోటి కింద చెక్కపేడులా దిగింది. నాయనమ్మ రోటి పక్కన కూర్చుని ఆయన చెవులారా విన్న పాట అది. దాంట్లో తన చెయ్యే లేకపోతే ఇంక ఆల్బమ్ దేనికి?

ఎవరితోనూ చెప్పలేదు. నెల రోజులపాటు చెవిలో ఆ టిక్కుటిక్కు పెట్టుకునే చిత్రిక పట్టాడు, మేకులు కొట్టాడు, భోంచేశాడు.

"మెట్లు దిగుతుంటే కవాతు చేస్తున్నట్టుంది," అంది భార్య. "చెవిలోది తీస్తారా, నన్ను పుట్టింటికి పొమ్మంటారా?"

"వెళ్లు. అక్కడ మీ తమ్ముడి గిటారు గోల."

రికార్డింగు రోజు రెండు పాటలు సాఫీగా అయిపోయాయి. మూడోది నాయనమ్మ పాట. రెండో చరణం వచ్చేసరికి వడ్రంగి గీత గీసినట్టు తిన్నగా వెళ్లిపోయాడు. బామ్మర్ది గొంతూ డీజిల్ వేళ్లూ ఎప్పటిలాగే నెమ్మదించాయి. పాట మధ్యలోనే కుప్పకూలింది.

"ఏంటి బావా ఆ పరుగు? బస్సు తప్పిపోతోందా?"

"నేను సరిగ్గానే ఉన్నాను. కావాలంటే ఆ టిక్కుటిక్కునడుగు."

ఇంకో రెండుసార్లు మొదలెట్టారు. రెండుసార్లూ అక్కడే బోల్తా.

డీజిల్‌కి నవ్వాగలేదు. "పందొమ్మిదేళ్లుగా నువ్వక్కడ బ్రేకేస్తున్నావన్నా. మాకూ కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతోంది. చెప్పకుండా దారి మారిస్తే ఎలా?"

ఇంజినీరు గాజు గది వదిలి బయటికి వచ్చాడు. "అసలక్కడెందుకు నెమ్మదిస్తారు?"

వడ్రంగి అదెప్పుడూ ఆలోచించలేదు. జవాబు కోసం కుడిచేయి గాల్లో రోకలి ఎత్తింది, ఎడమచేయి తనంతట తనే ముందుకు కదిలింది.

"చెదిరిన గింజల్ని మా నాయనమ్మ ఎడంచేత్తో రోట్లోకి తోసుకునేదండీ. వేళ్లు నలుగుతాయని అప్పుడు మాత్రం రోకలి మెల్లిగా వేసేది."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరడిగేదాకా నాకే తట్టలేదు."

ఇంజినీరు లోపలికెళ్లి టిక్కుటిక్కు ఆపేశాడు. తీరా చూస్తే నెల రోజుల సాధన ఒంటబట్టిపోయి, వడ్రంగి చెయ్యి నెమ్మదించనంటోంది. ఈసారీ పరిగెత్తింది ఆయనే. బామ్మర్ది తల పట్టుకున్నాడు. వడ్రంగి మళ్లీ మొదలెట్టమన్నాడు. ఆ చోటు రాగానే ఎడంచేతి పుల్లని చంకలో ఇరికించి, అరచేత్తో డ్రమ్ము మీద అంచు నుంచి మధ్యకి తోశాడు. కుడిచేయి దానంతటదే మెల్లబడింది. పాట చివరిదాకా నడిచింది.

తర్వాత అందరూ కూర్చుని విన్నారు. రెండో చరణంలో అరచేయి జరిగిన చప్పుడు సన్నగా వినిపించింది.

"ఆ చప్పుడు తీసేయమంటారా?" అన్నాడు ఇంజినీరు.

"వద్దండీ," అన్నాడు వడ్రంగి. "గింజలు రోటి బయటే ఉండిపోతాయి."