పారిపోని పాస్టరయ్య

గోడకు కొత్త సున్నం కొట్టిన వాసన వస్తే చాలు, నాకు మా సలోమక్క వీపు గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు, కోసిగి దగ్గర మా పల్లెలో, క్రిస్మసుకు చర్చికి సున్నం కొట్టి దాని ముందర నాటకం ఆడారు. పెద్దలు కాదన్న ప్రేమికులిద్దరికీ ఒక పాస్టరు చాటుగా పెళ్లి చేస్తాడు. చివరికి ఇద్దరూ చచ్చిపోతారు. పాస్టరు వేషం మా పాస్టరయ్యే కట్టాడు. శవాల పక్కన నిలబడి, "ఎవరొచ్చినా రానీ, ఈ బిడ్డలను ఇడిచిపెట్టి నేను యాడికీ పోను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా అక్క వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను తోడు తీసుకొని ఆయన దగ్గరికి పోయింది. "అయ్యా, చెన్నప్పకూ నాకూ మీరే పెండ్లి చేయల్ల" అంది. చెన్నప్పది వేరే కులం.

"చర్చిలో కూచోపోండమ్మా, నేనుండా గదా" అన్నాడు పాస్టరయ్య. ఎవరికో ఏదో చెప్పి పంపి, తను వాకిట్లో నిలబడ్డాడు. మాకు కాపలా ఉన్నాడనుకొని నేను సంబరపడ్డాను.

కాసేపటికి మా నాయన వచ్చాడు. పాస్టరయ్య పక్కకు జరిగి, "నీ కూతురు లోపలుండాది, పిల్చుకొని పోప్పా" అన్నాడు. అక్క గోడకు అతుక్కుపోయింది. నాయన జడ పట్టి ఈడ్చుకుపోతుంటే ఆమె వీపంతా సున్నం.

నెల తిరక్కుండానే భార్య చచ్చిన ఒక ముసలాయనకు ఆమెను ఇచ్చి చేశారు. ఆ పెళ్లి జరిపించింది కూడా పాస్టరయ్యే.

హైస్కూలుకొచ్చాక ఇంగ్లీషు పాఠంలో ఆ నాటకం అసలు కథ చదివాను. అందులో పాస్టరు, జనం వస్తున్న అలికిడి విని, తాను పెళ్లి చేసిన ఆ పిల్లను వదిలేసి పారిపోతాడు.

ఆ పారిపోయినాయన ఎంత మంచివాడో అనుకున్నాను.